గ్రాండ్ కాన్యన్ లోపల వారం రోజుల నడక ప్లాన్ చేసుకోవడం ఎలా: నీళ్ల లెక్క నుంచి పర్మిట్ దాకా

పడమటి అమెరికా ఎండు నేలల్లో వారం రోజులు బ్యాగ్ మోసుకుని నడవాలనుకునేవాళ్లు ముందు మ్యాప్ తెరిచి మైళ్లు కూడతారు. 50 మైళ్లు, ఏడు రోజులు, రోజుకు ఏడు మైళ్ల చిల్లర, అంతేగా అనుకుంటారు. కాలిఫోర్నియా సియెర్రా కొండల్లో ఈ లెక్క నడుస్తుంది, అక్కడ గంటకో వాగు తగులుతుంది. ఆరిజోనాలో నడవదు. ఇక్కడ రాత్రికి ఎక్కడ ఆగాలి, పొద్దున ఎన్నింటికి లేవాలి, బరువెంత మోయాలి అన్న మూడింటినీ తేల్చేది తర్వాతి నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయన్న ఒక్క విషయమే. అందుకే ముందు నీళ్ల పట్టిక వేసుకోండి. మైళ్లు ఆ తర్వాత వాటంతటవే సర్దుకుంటాయి.

ఉదాహరణకు గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచు నుంచి దిగి, సగానికి పైగా లోతులో ఉన్న టాంటో ట్రైల్ మీద తూర్పుగా నడిచి, మరో చోట పైకెక్కే దారి తీసుకుందాం. హెర్మిట్ ట్రైల్‌లో దిగడం, గ్రాండ్‌వ్యూ ట్రైల్‌లో ఎక్కడం. ఏడు రోజులు, ఆరు రాత్రులు, 50 మైళ్ల పైచిలుకు. డాలస్ నుంచైనా బే ఏరియా నుంచైనా ఫీనిక్స్‌కు విమానమెక్కి, అక్కడ కారు తీసుకుంటే నాలుగు గంటల్లోపు పార్కులో ఉంటారు.

ముందే ఒక మాట. కాన్యన్‌లో ఇదే మీ మొదటి రాత్రి అయితే ఈ దారి వద్దు. బ్రైట్ ఏంజెల్, సౌత్ కైబాబ్ ట్రైల్స్ మీద రెండు మూడు రాత్రులు ముందు చేసి రండి. అక్కడ రేంజర్లు ఉంటారు, దారి వెడల్పుగా ఉంటుంది. టాంటో మీద ఒక పూటంతా నడిచినా మనిషి కనబడకపోవచ్చు.

నెల ఎంచుకోవడం

అక్టోబర్ నుంచి నవంబర్ మధ్య వరకు, లేదా మార్చి చివరి నుంచి ఏప్రిల్ ఆఖరు వరకు. మిగతా నెలల మీద ఆశ పెట్టుకోకండి. అక్టోబర్‌లో కాన్యన్ అడుగున పగటి సగటు గరిష్ఠం 84 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 29 సెల్సియస్. జూలైలో అది 106కు, అంటే 41 సెల్సియస్‌కు చేరుతుంది. విజయవాడ, రామగుండం ఎండలు చూసినవాళ్లం, 41 మనకు లెక్కా అనిపించవచ్చు. అక్కడ 41లో మనం గొడుగు కింద నడుస్తాం, సోడా బండి దగ్గర ఆగుతాం. ఇక్కడ 17 కిలోలు మోస్తూ, చెట్టు నీడ లేని రాతి మీద, పగలంతా కాగిన గోడల మధ్య నడవాలి. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో తెలిసేసరికి తల తిరుగుతూ ఉంటుంది.

జూలై నుంచి సెప్టెంబర్ మధ్య వరకు వర్షాల కాలం. ఎక్కడో పైన కురిసిన వాన ఇక్కడి పొడి వాగులో గోడలా దూసుకొస్తుంది. మార్చిలో బాధ తిరగబడుతుంది: అడుగున హాయిగా 70 డిగ్రీలు, అంచు మీద రాత్రి 25. హెర్మిట్, గ్రాండ్‌వ్యూ ట్రైల్స్ మొదటి మైలు నీడలో గడ్డకట్టి ఉంటుంది, బూట్ల కింద తగిలించుకునే మేకుల పట్టీలు లేకపోతే జారతారు. మా ఓటు అక్టోబర్ రెండో సగానికి. దానికో లోటుంది: ఎండాకాలం దాటి వచ్చిన ఊటలు అప్పుడు సన్నగిల్లి ఉంటాయి. వసంతంలో వెళ్తే నీళ్లు కాస్త ఎక్కువ, గాలి దుమ్ము కూడా ఎక్కువే.

నీళ్ల పట్టిక వేయడం

ఒక కాగితం మీద నిలువుగా దారిలో వచ్చే ప్రతి వాగు పేరు రాయండి. ప్రతిదాని పక్కన నాలుగు విషయాలు రాయండి: ముందు దాని నుంచి ఎన్ని మైళ్లు, నీళ్లు ఏడాది పొడవునా ఉంటాయా, తాగొచ్చా, చివరగా ఎవరు ఎప్పుడు చూశారు. ఈ నాలుగోదే చాలామంది వదిలేస్తారు. బయల్దేరే వారంలో పార్కు బ్యాక్‌కంట్రీ ఇన్ఫర్మేషన్ సెంటర్‌కు ఫోన్ చేసి ఒక్కో వాగు పేరు చెప్పి అడిగి రాసుకోండి. మూడేళ్ల కిందటి వీడియోలో నీళ్లు పారుతున్నాయంటే ఈ ఏడాది పారుతున్నట్టు కాదు.

ఈ దారికి ఆ పట్టిక ఇలా వస్తుంది. దూరాలన్నీ ఇంచుమించుగానే, ఎందుకంటే టాంటో ప్రతి లోయ నోటి దగ్గరా లోపలికి వెళ్లి మళ్లీ బయటికి వస్తుంది. ఎదురుగా అర మైలు దూరంలో కనబడే చోటికి రెండు మైళ్లు చుట్టి వెళ్లాల్సి వస్తుంది.

మొదటి రోజు, హెర్మిట్ ట్రైల్‌హెడ్ నుంచి హెర్మిట్ క్రీక్, 8 మైళ్లు. 6,640 అడుగుల ఎత్తు నుంచి సుమారు 3,000 అడుగులకు దిగుతారు. రెండున్నర మైళ్ల దగ్గర శాంటా మారియా ఊట ఉంది, సన్నటి ధార, దాన్ని నమ్ముకోవద్దు. ఊట దాటాక కొండచరియలు విరిగి దారి మీద పడ్డ చోట్లున్నాయి, చేతులు పెట్టి దాటాలి. పైనుంచి 4 లీటర్లు తెచ్చుకోండి. హెర్మిట్ క్రీక్‌లో ఏడాది పొడవునా నీళ్లుంటాయి.

రెండో రోజు మాన్యుమెంట్ క్రీక్, 4 మైళ్లే. దిగుడుకు తొడలు పట్టేసి ఉంటాయి కాబట్టి కావాలనే చిన్న రోజు పెట్టాం. అక్కడా నీళ్లు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ఓపిక ఉంటే వాగు వెంట మైలున్నర దిగితే కొలరాడో నది ఒడ్డున గ్రానిట్ రాపిడ్స్. అక్కడ పడుకోవాలంటే పర్మిట్‌లో ఆ పేరే ఉండాలి.

మూడో రోజు హవసుపాయి గార్డెన్స్, సుమారు పదిన్నర మైళ్లు. పేరు పాత మ్యాపుల్లో ఇండియన్ గార్డెన్ అని ఉంటుంది, 2022లో మార్చారు. మధ్యలో రెండు వాగులొస్తాయి, రెండింటినీ లెక్కలోంచి తీసేయండి. సాల్ట్ క్రీక్ పేరుకు తగ్గట్టే ఉప్పూ చేదూ. హార్న్ క్రీక్ నీళ్లలో యురేనియం ఉంది, పైన అంచు మీద పాత యురేనియం గని ఉండేది. మరిగించినా, ఫిల్టర్ పట్టినా, మాత్ర వేసినా యురేనియం పోదు. చూడటానికి మాత్రం తేటగా పారుతుంటుంది, దాహంతో ఉన్నవాళ్లను మోసం చేసేది అదే. మాన్యుమెంట్ దగ్గరే 5 లీటర్లు నింపుకుని కదలండి.

హవసుపాయి గార్డెన్స్‌లో కుళాయి ఉంది. కాన్యన్‌ను దాటి వచ్చే ఆ పైపులైన్ పాతబడి తరచూ పగులుతుంది కాబట్టి కుళాయి ఉంది కదా అని ఫిల్టర్ అడుగున పెట్టేయకండి. పక్కనే గార్డెన్ క్రీక్ పారుతుంది.

నాలుగో రోజు లోన్‌ట్రీ, పదిన్నర మైళ్లు. ఈ ప్రయాణం మొత్తం ముడి ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఆగి చూద్దాం. గార్డెన్స్ దాటాక మొదట పైప్ క్రీక్ వస్తుంది, అక్కడ తరచుగా నీళ్లుంటాయి. తర్వాత సౌత్ కైబాబ్ ట్రైల్ కలిసే టిప్‌ఆఫ్: మరుగుదొడ్డి, అత్యవసర ఫోన్ ఉన్నాయి, నీళ్లు లేవు. ఆపైన క్రిమేషన్ క్రీక్ పొడి. లోన్‌ట్రీ, దాని తర్వాతి బౌల్డర్ క్రీక్ రెండూ కాలాన్ని బట్టి. ఖచ్చితంగా అనదగ్గది మళ్లీ గ్రేప్‌వైన్ క్రీకే, అంటే ఐదో రోజు మధ్యాహ్నం. ఇప్పుడు లెక్క వేయండి. నాలుగో రోజు ఏడు గంటల నడకకు 4 లీటర్లు. సాయంత్రం వంటకు, తాగడానికి 2. రాత్రికీ పొద్దున టిఫిన్‌కూ ఒకటి. ఐదో రోజు 9 మైళ్లకు 3. మొత్తం 10 లీటర్లు, 10 కిలోలు. అది వారం తిండి బరువుకు రెట్టింపు.

ఈ పది లీటర్లను తగ్గించుకునే దారులు మూడు. పైప్ క్రీక్‌లో నీళ్లున్నాయని రేంజర్ చెప్తే గార్డెన్స్ నుంచి 2 లీటర్లతో బయల్దేరి, పైప్ దగ్గర కడుపు నిండా తాగి, అక్కణ్నుంచి 8 మోయొచ్చు. లోన్‌ట్రీలో నీళ్లున్నాయని ఆ వారమే చూసినవాళ్లు చెప్తే 5 చాలు, ఐదో రోజుకు అక్కడ నింపుకోవచ్చు. ఇవేవీ తేలకపోతే, పదీ మోసే ఒళ్లు కాకపోతే, టిప్‌ఆఫ్ దగ్గర తూర్పుగా కొనసాగకుండా సౌత్ కైబాబ్ ఎక్కి ఇంటికి వెళ్లిపోండి. 4.4 మైళ్లు, 3,300 అడుగుల ఎత్తు, దారిలో చుక్క నీరు లేదు, కానీ బస్సు స్టాపుకు చేరతారు. టిప్‌ఆఫ్ దాటి తూర్పుగా అడుగేస్తే గ్రాండ్‌వ్యూ ట్రైల్ దాకా, అంటే 20 మైళ్ల వరకు, పైకి మామూలు దారి లేదు. ఈ నిర్ణయం అక్కడ నిలబడి ఎండలో తీసుకునేది కాదు. గార్డెన్స్‌లో ముందు రాత్రే తీసుకోండి.

ఐదో రోజు గ్రేప్‌వైన్, 9 మైళ్లు. ఆరో రోజు కాటన్‌వుడ్ క్రీక్, 5 మైళ్లు, ఊట నీళ్లు సాధారణంగా ఉంటాయి కానీ ఇదీ అడిగి తెలుసుకోవలసిందే. ఏడో రోజు కాటన్‌వుడ్ నుంచి హార్స్‌షూ మీసా అనే బల్లపరుపు గుట్ట, అక్కణ్నుంచి 3 మైళ్లలో 2,500 అడుగులెక్కి 7,400 అడుగుల ఎత్తున ఉన్న గ్రాండ్‌వ్యూ పాయింట్. ఆ రోజు మొత్తం ఎక్కుడు 3,500 అడుగుల పైమాటే, మీసా మీద నీళ్లు లేవు. 4 లీటర్లు మోయండి.

ట్రైల్ దాటే చోట వాగు పొడిగా కనబడినంత మాత్రాన నీళ్లు లేనట్టు కాదు. బ్యాగ్ దించి, ఖాళీ సీసా పట్టుకుని, పైకి పది నిమిషాలు, కిందికి పది నిమిషాలు నడిచి చూడండి. పచ్చటి కాటన్‌వుడ్, విల్లో చెట్లు, తడి ఇసుక, తేనెటీగలు ఆనవాళ్లు. టేపీట్స్ ఇసుకరాయి మీద వాన నిలిచిన గుంటలు దొరకొచ్చు. వాటిలో చేతులు కడగకండి, గ్లాసుతో తోడుకోండి. తర్వాత వచ్చేవాడికీ, జింకకీ అదే నీరు.

పర్మిట్

అంచు కింద ఏ రాత్రి పడుకున్నా పర్మిట్ ఉండాలి. దరఖాస్తు రిక్రియేషన్ డాట్ గవ్‌లో. బయల్దేరే నెలకు నాలుగు నెలల ముందు లాటరీ మూసేస్తారు: అక్టోబర్ ప్రయాణానికి మే 16 నుంచి జూన్ 1 లోపు పేరు ఇవ్వాలి. లాటరీలో పేరు వస్తే పర్మిట్ చేతికొచ్చినట్టు కాదు, అందరికంటే ముందు బుక్ చేసుకునే ఒక సమయం ఇస్తారు. ఆ సమయానికి కంప్యూటర్ ముందు కూర్చుని ఏ రాత్రి ఏ క్యాంపో ఒక్కొక్కటే ఎంచుకోవాలి. మిగిలినవి తర్వాత అందరికీ తెరుస్తారు. ఆ ఏడాది తేదీలు, రుసుములు ఆ పేజీలోనే సరిచూసుకోండి, మారుతుంటాయి.

ముందుగా అయిపోయేది హవసుపాయి గార్డెన్స్. అందుకని మొదట ఆ రాత్రిని ఖాయం చేసుకునేలా తేదీలు అటూ ఇటూ జరపండి, దాని చుట్టూ మిగతావి పేర్చండి. మూడు వేర్వేరు ప్రారంభ తేదీలతో మూడు పట్టికలు ముందే రాసి దగ్గర పెట్టుకుంటే ఆ పది నిమిషాల్లో కంగారు ఉండదు. శుక్రవారం బదులు ఆదివారం దిగితే దొరికే అవకాశం ఎక్కువ.

మనవాళ్లతో వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. వాట్సాప్ గ్రూపులో ఒకరు అనగానే పన్నెండు మంది చెయ్యెత్తుతారు. ఆరుగురి వరకు చిన్న బృందం. ఏడు నుంచి పదకొండు వరకు పెద్ద బృందం, వాళ్లకు చోట్లు చాలా తక్కువ. పన్నెండో మనిషికి దారే లేదు. ఒకే బృందం రెండు పర్మిట్లు తీసుకుని ఒకే చోట దిగడం నిబంధనలకు విరుద్ధం. ఈ దారికి నలుగురు సరైన లెక్క: ఒకరికి కాలు బెణికితే ఒకరు తోడుండి ఇద్దరు సాయానికి వెళ్లొచ్చు.

నీళ్లు మోయడం, శుద్ధి చేయడం

మనిషికి కనీసం 10 లీటర్లు పట్టే పాత్రలు ఉండాలి, కానీ అన్నీ ఒక్కదాంట్లో కాదు. గొట్టం ఉన్న సంచి ఒకటే తెచ్చుకుని, అది రాయికి గీసుకుని కారితే సాయంత్రానికి మీ దగ్గర మిగిలేది తడిసిన స్లీపింగ్ బ్యాగ్. రెండు ఒక లీటరు గట్టి సీసాలు, మూడు రెండేసి లీటర్ల మడత సంచులు, ఒక మూడు లీటర్ల సంచి తీసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు వీటి బరువు పెద్దగా ఉండదు.

సన్నటి గొట్టాల ఫిల్టర్ బాక్టీరియాను ఆపుతుంది, వైరస్‌ను ఆపదు. 2022 వసంతంలో ఈ కాన్యన్‌లోనే పడవల వాళ్లకీ నడిచేవాళ్లకీ నోరోవైరస్ పాకింది. అందుకని ఫిల్టర్ పట్టాక క్లోరిన్ డయాక్సైడ్ మాత్ర కూడా వేసి ప్యాకెట్ మీద రాసినంతసేపు ఆగండి. లేదా మరిగించండి. చేతులకు శానిటైజర్ నోరోవైరస్ మీద సరిగా పనిచేయదు, చిన్న సబ్బు ముక్క పెట్టుకుని వాగుకు దూరంగా కడుక్కోండి. మార్చిలో అంచు మీద రాత్రి గడిపితే ఫిల్టర్‌ను ఒంటికి దగ్గరగా స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోవాలి. లోపలి తడి గడ్డకడితే సన్నటి గొట్టాలు పగులుతాయి, పైకి ఏమీ తెలియదు.

గ్రానిట్ రాపిడ్స్ దగ్గర నదినీళ్లే దిక్కయితే అవి కొన్నిసార్లు గోదావరి కొత్తనీటిలా ఎర్రగా ఉంటాయి. అలాగే ఫిల్టర్‌లో పోస్తే రెండు లీటర్లకే పూడుకుపోతుంది. మడత బకెట్‌లో రాత్రంతా తేర్చి, పైనీళ్లు మాత్రం వంచుకోండి. తొందరగా కావాలంటే మన ఇళ్లలో వాడిన పటికే ఇక్కడా వాడతారు: బకెట్‌కు చిటికెడు పొడి వేసి బాగా కలిపి అరగంట కదపకండి, మట్టి అడుగుకు దిగుతుంది. పటిక మట్టిని దింపుతుందే గానీ క్రిములను చంపదు, తర్వాత ఫిల్టర్, మాత్ర మామూలే. నదిలో ఈతకు దిగొద్దు. పైనున్న గ్లెన్ కాన్యన్ డ్యామ్ లోతు నుంచి వచ్చే నీరు చల్లగా ఉంటుంది, లాగుడు బలంగా ఉంటుంది. డ్యామ్ విడుదలను బట్టి మట్టం రోజులోనే పెరిగి తగ్గుతుంది కాబట్టి చెప్పులు కూడా ఒడ్డున వదలకండి.

తిండి, ఉప్పు

రోజుకు మనిషికి 650 గ్రాముల పొడి తిండి, వారానికి నాలుగున్నర కిలోలు. ఎండలో తీపి బార్లు మూడో రోజుకే వెగటు పుడతాయి, మన కారం, ఉప్పు అప్పుడు పనికొస్తాయి. పైగా ఉప్పు ఇక్కడ రుచి కోసమే కాదు. ఉప్పు తినకుండా లీటర్లకు లీటర్లు నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి వికారం, తలనొప్పి, తికమక వస్తాయి. వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు, అది మరింత ప్రమాదం. గుర్తుపట్టే తీరు: మనిషి బాగా నీళ్లు తాగుతున్నాడు, మూత్రం తెల్లగా, తరచుగా వస్తోంది, అయినా వాంతి వస్తోందంటే నీళ్లు ఆపి, ఉప్పు తిండి పెట్టి, నీడన కూర్చోబెట్టండి. మాటలు తడబడితే, మెలకువ తగ్గితే అత్యవసర సాయం పిలవాల్సిందే.

పొద్దునకు మందపాటి అటుకులు 100 గ్రాములు, పల్లీలు, పాలపొడి, బెల్లం పొడి, చన్నీళ్లలో పది నిమిషాలు. గ్యాస్ అక్కర్లేదు, తెల్లవారకముందే కదలొచ్చు. దారిలో పల్లీ పట్టీ, ఉప్పు జీడిపప్పు, కారప్పూస. చెక్కలు, జంతికలు రెండో రోజుకు పిండి అవుతాయి, ముందే చిదిమి తెచ్చుకుంటే చెంచాతో తినొచ్చు. రాత్రికి ఇంట్లో వండి ఆరబెట్టిన అన్నం, పప్పు. పచ్చి కందిపప్పు తేవద్దు, కుక్కర్ లేకుండా అది ఉడికేలోగా సిలిండర్ అయిపోతుంది. పెసరపప్పుకైనా గ్యాస్ దండగే. కందిపొడి, నెయ్యి మాత్రం మరవకండి. నూనెలు తప్ప నెయ్యి అంత బరువుకు అన్ని కేలరీలిచ్చేది ఇంకోటి లేదు. ఆవకాయ సీసా వద్దు, నూనె కారితే ఎలుకలు బ్యాగ్ కొరుకుతాయి. రోజుకు చెంచా చొప్పున చిన్న పొట్లాలు రెండు పొరల కవర్‌లో కట్టండి.

ఎలుకల మాట హాస్యానికి కాదు. హెర్మిట్, మాన్యుమెంట్ క్యాంపుల్లో పగలు కాకులు జిప్పులు తెరుస్తాయి, రాత్రి ఎలుకలు గుడ్డ సంచిని కొరికేస్తాయి. స్టీలు తీగతో అల్లిన సంచి ఒకటి కొనండి. బ్యాగ్ జిప్పులన్నీ తెరిచి ఖాళీగా వేలాడదీస్తే అవి చూసుకుని వెళ్లిపోతాయి, కొరకవు.

కింద చితుకుల మంట వేయకూడదు. గ్యాస్ స్టవ్ మాత్రమే. నీళ్లు కాచుకోవడానికే అయితే ఇద్దరికి 230 గ్రాముల సిలిండర్ ఒకటి సరిపోతుంది. విమానంలో తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఫ్లాగ్‌స్టాఫ్‌లోనో పార్కు లోపలి దుకాణంలోనో కొనండి.

సామాను

తిండి, నీళ్లు కాకుండా బ్యాగ్ 7, 8 కిలోలు దాటకూడదు. దాటితే నాలుగో రోజు నీళ్లు మోయలేరు. అంచు నుంచి దిగే రోజు మొత్తం 17 కిలోల లోపు ఉండేలా ఇంట్లో కాటా మీద చూడండి. పూర్తి చేతుల వదులు చొక్కా, మెడ కప్పే టోపీ, రెండు ఊతకర్రలు తప్పనిసరి. తడిస్తే చల్లగా ఉండి ప్రమాదమని మిగతా కొండల్లో నూలు బట్ట వద్దంటారు, కాన్యన్ వేడిలో అదే మేలు: వాగు దగ్గర చొక్కా తడుపుకుంటే అరగంట ఒంటికి చలవ. రాత్రికి మాత్రం పొడి జత వేరుగా ఉండాలి.

బూట్లు మామూలు సైజు కంటే అర సైజు పెద్దవి, బయల్దేరే ముందు కాలిగోళ్లు పూర్తిగా కత్తిరించుకోవాలి. 3,600 అడుగుల దిగుడులో ప్రతి అడుగుకీ బొటనవేలు బూటుకు కొట్టుకుంటుంది, గోళ్లు నల్లబడి ఊడేది అలాగే. పొద్దున బూట్లు దులిపి తొడగండి, తేళ్లుంటాయి. రాతి అంచు మీద చెయ్యి వేసే ముందు చూడండి, పాములుంటాయి. ఈ రెంటికీ ఇంతకు మించిన భయం అక్కర్లేదు.

ఫోన్ సిగ్నల్ ఉండదు. శాటిలైట్ మెసేజ్ పరికరం ఒకటి బృందానికి ఉండాలి. ఇరుకు లోయలో ఆకాశం తక్కువ కనబడి మెసేజ్ వెళ్లకపోతే టాంటో మీది మెరక చోటుకు రండి. మ్యాప్ కాగితం మీద కూడా ఉండాలి. ఇంట్లో ఒకరికి పర్మిట్ నకలు, ప్రతి రాత్రి క్యాంపు పేరు, ఏ గంట దాకా కబురు రాకపోతే పార్కుకు ఫోన్ చేయాలో రాసి ఇవ్వండి. ఇండియాలో అమ్మానాన్నలకు రోజూ ఫోన్ చేసే అలవాటుంటే వారం ముందే చెప్పండి, లేకపోతే మూడో రోజుకే మీ స్నేహితులందరికీ ఫోన్లు వెళ్తాయి.

మరుగు విషయం: క్యాంపుల్లో దొడ్లున్న చోట అవే వాడాలి. లేని చోట నీటికి 200 అడుగుల దూరంలో ఆరంగుళాల గుంట. వాడిన కాగితం పూడ్చకూడదు, కవర్‌లో కట్టి తిరిగి మోసుకురావాలి.

ఒంటిని సిద్ధం చేయడం, రోజు నడపడం

నడక అలవాటు చాలదు, మెట్లు కావాలి. ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు బ్యాగ్‌లో నీళ్ల సీసాలు పెట్టుకుని మెట్లు ఎక్కి దిగండి. 5 కిలోలతో మొదలుపెట్టి 15కు తెచ్చుకోండి. దిగడాన్ని లిఫ్ట్‌లో చేయకండి, కాన్యన్‌లో మొదట తొడలు విరిగేది దిగేటప్పుడే. మామూలు కొండకు ఇది తలకిందులు: అక్కడ అలసిపోతే వెనక్కి దిగుతాం, ఇక్కడ అలసిపోయాక ఎక్కాలి. దిగడానికి ఒక గంట పట్టిన దారికి ఎక్కడానికి రెండు గంటలు వేసుకోండి.

రోజు ఇలా నడిపితే మేలు. నాలుగున్నరకు లేవడం, వెలుగు రేఖ పడగానే కదలడం, పది గంటలకల్లా సగం దాటడం. వేడిగా ఉంటే పది నుంచి నాలుగు దాకా టేపీట్స్ రాతి పంచ నీడలో పడుకోవడం. నడిచే ప్రతి గంటకూ అర లీటరు నుంచి ముప్పావు లీటరు, గంటకోసారి ఉప్పుగా ఏదైనా. రాత్రికి మిగలాలని పగలు నీళ్లు దాచుకోకండి, సీసాలో ఉన్న నీళ్లు వడదెబ్బను ఆపవు. తక్కువ పడతాయనిపిస్తే నడిచే వేళ మార్చండి, తాగే కొలత మార్చకండి.

టాంటో మీద దారి తప్పేది ఎక్కువగా వాగులు దాటే చోట. ఇటు వైపు దారి స్పష్టంగా ఉంటుంది, గులకరాళ్లలో దిగాక అటు గట్టు మీద ఎక్కడ ఎక్కాలో తెలియదు. జంతువుల కాలిబాటలు కూడా దారిలాగే కనబడతాయి. దిగే ముందే గట్టు మీద ఆగి, ఎదుటి వైపు గీతను, దారికి పేర్చిన రాళ్ల గుర్తులను కళ్లతో పట్టుకుని అప్పుడు దిగండి. ఐదు నిమిషాలు నడిచినా రాళ్ల గుర్తు కనబడకపోతే చివరి గుర్తు దాకా వెనక్కి రండి. దగ్గరదారి అని వాలులో అడ్డం పడితే కింద నిలువు గోడే వస్తుంది.

కారు ఎక్కడ పెట్టాలి

గ్రాండ్‌వ్యూ పాయింట్‌కు పార్కు బస్సు రాదు. అందుకే కారును చివర పైకెక్కి తేలే చోట వదలండి: దిగే ముందు రోజు గ్రాండ్‌వ్యూలో కారు పెట్టి, టాక్సీ మాట్లాడుకుని పార్కులోని గ్రాండ్ కాన్యన్ విలేజ్‌కు రండి. రెండు కార్లున్నవాళ్లకు ఇంకా సులువు. హెర్మిట్ ట్రైల్‌హెడ్‌కు వెళ్లే హెర్మిట్స్ రెస్ట్ రోడ్డు మార్చి నుంచి నవంబర్ దాకా సొంత కార్లకు మూసి ఉంటుంది, బస్సు నడుస్తుంది. రాత్రి పర్మిట్ ఉన్నవాళ్లకు ఆ రోడ్డు గేటు తెరిచే కోడ్ ఇస్తారు, కానీ కారు అక్కడ వదిలితే చివర మళ్లీ దాని కోసం వెళ్లాలి. టాక్సీ వేళ చూసుకునేటప్పుడు ఒక చిన్న మెలిక: ఆరిజోనా గడియారం ఎండాకాలంలో ముందుకు జరపదు, పక్కనే ఉన్న నవాహో నేషన్ జరుపుతుంది. తూర్పు అంచు దగ్గర ఫోన్ గంట ఎక్కువ చూపిస్తే అదే కారణం.

కారు డిక్కీలో 4 లీటర్ల నీళ్లు, ఉప్పు చిప్స్, చెప్పులు, పొడి బట్టలు ఉంచండి. కారులో తిండి ముక్క కూడా పైకి కనబడేలా పెట్టకండి. ఏడో రోజు తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నానికి పైకి వస్తారు. అక్కడ గంట సేపు కూర్చుని తిని, ఇంటికి మెసేజ్ పెట్టి, వెలుగుండగానే ఫ్లాగ్‌స్టాఫ్ వైపు కదలండి. సందెవేళ ఆ రోడ్ల మీదికి ఎల్క్ జింకలు వస్తాయి, వారం అలసటతో స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు అవి అద్దం ముందుకొచ్చేదాకా కనబడవు.